పాత 486 కంప్యూటర్‌ని ఇంటి రూటర్‌కి కలపాలి: డ్రైవర్ ఎక్కుతోంది, ఐపీ మాత్రం రావడం లేదు

పాతపెట్టె486
మెషీన్ 486 డీఎక్స్2-66. 16 ఎంబీ ర్యామ్, డాస్ 6.22, దాని మీద విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్ 3.11. మెషీన్‌కి ఏ రోగమూ లేదు. ఇబ్బందల్లా ఫైళ్ళు అటూ ఇటూ మార్చడమే. ఇన్నాళ్ళూ ఫ్లాపీలతో లాక్కొచ్చాను, ఇప్పుడు వాటిల్లో చాలా వరకు చదవడం లేదు. అందుకని త్రీకామ్ 3సీ509బీ కాంబో నెట్‌వర్క్ కార్డు ఒకటి సంపాదించి ఐసా స్లాట్‌లో (పాత పీసీల్లో కార్డులు పెట్టే చోటు) పెట్టాను. ప్యాకెట్ డ్రైవర్ (డాస్‌లో నెట్‌వర్క్ కార్డుని నడిపేది) లోడ్ అవుతోంది, మ్యాక్ అడ్రస్ (కార్డు గుర్తింపు సంఖ్య) కూడా చూపిస్తోంది. ఎంటీసీపీలో (డాస్ నెట్‌వర్క్ ప్రోగ్రాముల కట్ట) డీహెచ్‌సీపీ (రూటర్‌ని ఐపీ అడిగేది) కొడితే మాత్రం టైమౌట్. రూటర్ పోర్టు దగ్గర లైటు కూడా వెలగడం లేదు. కేబుల్ మంచిదే, ల్యాప్‌టాప్‌కి పెడితే పనిచేస్తోంది.

కార్డు పోయిందనుకోవాలా? లేక ఇప్పటి రూటర్లు 10 ఎంబీపీఎస్ కార్డుల్ని అసలు పట్టించుకోవా? సౌండ్ బ్లాస్టర్ 16 సౌండ్ కార్డు కూడా ఉంది అందులో. అది తీసేయడం నాకు ఇష్టం లేదు, ముందే చెబుతున్నా.

కోల్డ్‌బూట్
పట్టించుకుంటాయి. 10బేస్-టీ (ఆ 10 ఎంబీపీఎస్ ఈథర్నెట్) 1990 నాటి ప్రమాణమే అయినా గిగాబిట్ పోర్టుల్లో చాలావాటికి 10, 100, 1000 మూడూ వచ్చు. మీరు ఏ పోర్టుకి పెట్టారో ఒకసారి చూడండి. కొత్త 2.5 గిగాబిట్ పోర్టుల్లో కొన్నింటికి 10 తీసేశారు, 100 నుంచే మొదలు.

పాతపెట్టె486
@కోల్డ్‌బూట్ నిజమే, పెట్టింది 2.5 అని రాసి ఉన్న పోర్టుకే. పక్కనున్న మామూలు పోర్టుకి మార్చాను. లైటు ఇంకా రాలేదు.

సీరియల్_సుబ్బు
కార్డుతో ఈ కుస్తీ ఎందుకండీ? ఈఎస్‌పీ8266 చిప్పుతో చేసిన వైఫై మోడెమ్‌లు దొరుకుతాయి. కామ్ పోర్టుకి (సీరియల్ పోర్టు) తగిలిస్తే చాలు. పాత మోడెమ్‌కి ఇచ్చినట్టే ఏటీ కమాండ్లు ఇవ్వచ్చు, ఏటీడీటీ తర్వాత ఫోన్ నంబరు బదులు సర్వర్ పేరు కొడితే కలుస్తుంది. మూత తీయక్కర్లేదు, ఐఆర్‌క్యూల (కార్డులు ప్రాసెసర్‌ని పిలిచే గీతలు) గొడవ లేదు. కమొడోర్ 64 నుంచి పెంటియం దాకా సీరియల్ ఉన్న ప్రతిదానికీ ఇదే దారి.

నల్లతెర
సుబ్బు గారి మోడెమ్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ కార్డు బాగానే ఉందని నా నమ్మకం.

కాంబో కార్డంటే వెనకాల ఆర్‌జే45 (ఇప్పటి నెట్‌వర్క్ కేబుల్‌ది), బీఎన్‌సీ (పాత కొయాక్స్ కేబుల్‌ది), 15 పిన్నుల ఏయూఐ, మూడు సాకెట్లూ ఉంటాయి. వీటిలో ఏది వాడాలన్నది జంపర్లతో కాదు, కార్డు మీదున్న చిన్న మెమరీ చిప్పులో రాసి ఉంటుంది. ఆ కార్డు ఒకప్పుడు ఏదో ఆఫీసులో కొయాక్స్ కేబుల్ మీద పనిచేసి ఉంటే ఇప్పటికీ బీఎన్‌సీ సాకెట్ వైపే చూస్తూ ఉంటుంది. అలాంటప్పుడు ఆర్‌జే45 నుంచి లింక్ పల్సులు వెళ్ళవు. రూటర్‌కి అవతల ఒక మెషీన్ ఉన్నట్టే తెలియదు, ఇక లైటు ఎలా వెలుగుతుంది? డ్రైవర్ మ్యాక్ అడ్రస్ చదవగలుగుతోందంటే కార్డు బతికే ఉంది.

బూట్ అయ్యేటప్పుడు ఎఫ్5 నొక్కండి, ప్యాకెట్ డ్రైవర్ ఎక్కకూడదు. తర్వాత త్రీకామ్ ఈథర్‌డిస్క్‌లో (కార్డుతో వచ్చే డిస్క్) ఉండే 3సీ5ఎక్స్9సీఎఫ్‌జీ అనే సెట్టింగుల ప్రోగ్రాం నడపండి. ట్రాన్సీవర్ రకం దగ్గర ట్విస్టెడ్ పెయిర్ (అంటే ఆర్‌జే45) ఎంచుకోండి. ‘ఆటో’ మీద వదలొద్దు, కొన్ని డ్రైవర్లు దాన్ని సరిగా అర్థం చేసుకోవు. అక్కడే ప్లగ్ అండ్ ప్లే కూడా ఆపేయండి, శుద్ధ డాస్‌లో దాని వల్ల తలనొప్పే తప్ప లాభం లేదు. సేవ్ చేశాక రీబూట్ చాలదు, పవర్ పూర్తిగా ఆపి మళ్ళీ వెయ్యండి.

ఫ్లాపీరాణి
ఈథర్‌డిస్క్ ఫైళ్ళు ఆ మెషీన్‌లోకి ఎలా వెళ్తాయి? ఫ్లాపీలు చదవడం లేదనేగా ఆయన బాధ. నెట్‌వర్క్ రావాలంటే ఫైళ్ళు కావాలి, ఫైళ్ళు రావాలంటే నెట్‌వర్క్ కావాలి :)

పాతపెట్టె486
ఒక్క మంచి ఫ్లాపీ మిగిలింది, దాంతోనే బండి నడుస్తోంది.

నల్లతెర గారు చెప్పింది అక్షరాలా నిజం. బీఎన్‌సీ అనే ఉంది అందులో! ట్విస్టెడ్ పెయిర్‌కి మార్చాను. ప్యాకెట్ డ్రైవర్ ఎక్కగానే రూటర్ దగ్గర లైటు వెలిగింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

కానీ డీహెచ్‌సీపీ ఇంకా టైమౌటే.

ప్యాకెట్_పిచ్చి
రూటర్ పేజీలోకి వెళ్ళి, ఐపీలు ఇచ్చిన పరికరాల జాబితా చూడండి. మీ కార్డు మ్యాక్ అడ్రస్ అందులో ఉందా?

పాతపెట్టె486
ఉంది! ఐపీ కూడా కేటాయించినట్టు చూపిస్తోంది. కానీ డాస్ వైపు ఏమీ అందలేదంటోంది.

ప్యాకెట్_పిచ్చి
అయితే దొంగ దొరికాడు. మీ మెషీన్ అడగడం రూటర్‌కి వినిపిస్తోంది, రూటర్ చెప్పే జవాబు మీ మెషీన్‌కి వినిపించడం లేదు. ఐసా కార్డుల్లో ఈ లక్షణం కనిపిస్తే నూటికి తొంభై పాళ్ళు ఐఆర్‌క్యూ తగాదానే.

ఎందుకంటే పంపేటప్పుడు ప్రాసెసరే స్వయంగా కార్డు ఐఓ పోర్టులోకి డేటా తోస్తుంది, అక్కడ పెద్ద చిక్కు లేదు. ప్యాకెట్ వచ్చినప్పుడు మాత్రం కార్డే ప్రాసెసర్‌ని పిలవాలి. ఆ పిలుపే ఇంటరప్ట్. అదే గీత మీద ఇంకో కార్డు కూర్చుని ఉంటే పిలుపు చేరదు. సౌండ్ బ్లాస్టర్ 16 మామూలుగా ఐఆర్‌క్యూ 5 మీద ఉంటుంది. మీ నెట్‌వర్క్ కార్డు కూడా 5 మీదే ఉందేమో చూడండి. ఎన్‌ఈ2000 రకం కార్డులైతే తరచు 3 మీద ఉంటాయి, అది కామ్2ది. 7 ప్రింటర్ పోర్టుది. మీరు 10కి మార్చేయండి, సాధారణంగా ఖాళీగానే ఉంటుంది. ఐఓ అడ్రస్ 300 హెక్స్ ఉంచండి, సౌండ్ కార్డు 220లో ఉంటుంది కాబట్టి గొడవ రాదు.

సౌండ్ కార్డు తీయనక్కర్లేదు.

పాతపెట్టె486
వచ్చేసింది!! 5 మీదే ఉంది, 10 చేశాను. డీహెచ్‌సీపీ వెంటనే ఐపీ ఇచ్చింది. రూటర్‌కి పింగ్ వెళ్తోంది, జవాబు వస్తోంది. బయట సర్వర్లకి కూడా వెళ్తోంది. మెషీన్ ముందు నుంచి లేవబుద్ధి కావడం లేదు.

బీప్‌కోడ్
అభినందనలు. ఒక్కసారి ఆలోచించండి, ఇందులో ఎంత గొప్పదనం ఉందో. ఐపీ నిర్వచనం 1981ది, ఏఆర్‌పీ (ఐపీని బట్టి మ్యాక్ అడ్రస్ కనుక్కునేది) 1982ది, ఫైళ్ళు పంపే ఎఫ్‌టీపీకి ఇప్పటికీ ఆధారంగా ఉన్న పత్రం 1985ది. మీ 486 కన్నా అవే పాతవి. అందుకే నిన్న కొన్న రూటర్‌తో అది ఏ అనువాదకుడూ లేకుండా మాట్లాడుతోంది. హార్డ్‌వేర్‌లో ఇంత వెనుకటి దాకా మాట నిలబెట్టుకున్నవి నాకు తెలిసి చాలా తక్కువ.

సీరియల్_సుబ్బు
నా మాట గాల్లో కలిసిపోయింది, పర్వాలేదు. కానీ ల్యాప్‌టాప్‌లూ, స్లాట్లు లేని మెషీన్లూ ఉన్నవాళ్ళ కోసం మళ్ళీ చెబుతున్నా, వైఫై మోడెమ్‌ని తక్కువ చేయొద్దు. బీబీఎస్‌లకి (మోడెమ్‌తో చేరే పాతకాలపు చర్చా వేదికలు) వెళ్ళాలంటే దాన్ని మించింది లేదు.

ప్యాకెట్_పిచ్చి
@సీరియల్_సుబ్బు తక్కువ చేయడం లేదండీ. బీబీఎస్‌కి సరే. ఫైళ్ళు మార్చడానికి మాత్రం ఒప్పుకోను. 1,15,200 బిట్ల వేగంలో సెకనుకి వచ్చేది 11 కిలోబైట్ల చిల్లర. ఒక 1.44 ఎంబీ ఫ్లాపీ అంత డేటాకే రెండు నిమిషాల పైన. పైగా ఆ వేగం నిలబడాలంటే 16550ఏ యూఆర్ట్ (సీరియల్ పోర్టుని నడిపే చిప్పు) కావాలి, దాంట్లో 16 బైట్ల బఫర్ ఉంటుంది. 8250 లేదా 16450 ఉంటే ఒక్క బైటే ఆగుతుంది, ప్రాసెసర్ కాస్త ఆలస్యం చేసిందంటే తర్వాతి బైటు ముందుదాన్ని చెరిపేస్తుంది. మీ మెషీన్‌లో ఏముందో డాస్‌తో వచ్చే ఎంఎస్‌డీ ప్రోగ్రాం చూపిస్తుంది.

సీరియల్_సుబ్బు
16550 విషయం ఒప్పుకుంటా. వేగం విషయం కూడా. సులువు విషయంలో మాత్రం నాదే పైచేయి.

తొమ్మిదిపిన్నులు
వైఫై కావాలి కానీ వేగం కూడా కావాలనుకునేవాళ్ళకి మూడో దారి ఉంది. మూలన పడున్న చిన్న రూటర్ని క్లయింట్ మోడ్‌లో పెట్టండి. అది ఇంటి వైఫైలో చేరుతుంది, పాత కంప్యూటర్ దాని ఈథర్నెట్ పోర్టుకి. పాస్‌వర్డ్, డబ్ల్యూపీఏ2, ఎన్‌క్రిప్షన్ అన్నీ ఆ రూటర్ చూసుకుంటుంది. 486కి అవతల ఉన్నది గాలో తీగో తెలియనే తెలియదు.

దయచేసి పాత పీసీఎంసీఐఏ వైఫై కార్డు కోసం ఇంటి మొత్తం వైఫైని వెప్‌కి (పాత వైఫై ఎన్‌క్రిప్షన్) దించకండి. వెప్ బలహీనత 2001లోనే బయటపడింది.

ఫ్లాపీరాణి
నాదొక భిన్నాభిప్రాయం. ఐడీఈ (హార్డ్ డిస్క్ తగిలించే) అడాప్టర్ మీద కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పెట్టుకుంటే నెట్‌వర్క్ అవసరమే రాదు. కార్డు తీసి, ల్యాప్‌టాప్‌లో పెట్టి, కాపీ చేసి, మళ్ళీ పెట్టేయడమే. శబ్దం లేదు, వేడి లేదు. నా మెషీన్లన్నీ అలాగే ఉన్నాయి.

కోల్డ్‌బూట్
హార్డ్ డిస్క్ బదులు సీఎఫ్ పెట్టడం మంచిదే, కాదనను. కానీ ప్రతి ఫైలుకీ కార్డు ఊడదీయడం నెట్‌వర్క్‌కి బదులు కాదు. ప్రోగ్రాం రాసుకుంటూ అటు కంపైల్ చేసి ఇటు పరీక్షించేవాళ్ళకి అది నరకం. ఇంకొకటి, పాత బయోస్‌లకి 504 ఎంబీ దాటితే కనిపించదు. 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు, అక్కడితో సరి. పెద్ద కార్డు కొనేముందు అది చూసుకోవాలి.

ఫ్లాపీరాణి
504 సంగతి నిజం. ఊడదీయడం నాకు కష్టంగా అనిపించదు, ఎవరి అలవాటు వాళ్ళది.

పాతపెట్టె486
ఇప్పుడు అసలు పని. ఫైళ్ళు మార్చడానికి ఏది మేలు? వర్క్‌గ్రూప్స్ 3.11లో ఫైల్ షేరింగ్ ఉంది కదా, నా విండోస్ 11 మెషీన్‌లోని ఫోల్డర్ నేరుగా కనబడేలా చేయొచ్చా?

రూటర్_కాపలా
ఆగండాగండి. ఆ పాతది మాట్లాడేది ఎస్‌ఎంబీ (విండోస్ ఫైల్ షేరింగ్ భాష) మొదటి తరం. 2017లో వన్నాక్రై వైరస్ పాకింది దాని లోపం పట్టుకునే. ఆ ఏడాదే విండోస్ 10 1709 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు దాన్ని డిఫాల్ట్‌గా పెట్టడం మానేశారు. సాంబాలో (లినక్స్‌లో అదే షేరింగ్ చేసే ప్రోగ్రాం) కూడా 2019లో 4.11 నుంచి డిఫాల్ట్‌గా ఆపేశారు. మీరు దాన్ని మళ్ళీ ఆన్ చేస్తే ఇంట్లో ఉన్న అన్ని మెషీన్లనీ వెనక్కి లాగినట్టే. నన్నడిగితే ఇలాంటి పాత కంప్యూటర్లని ఇంటి నెట్‌వర్క్‌కి అసలు కలపకూడదు. 1995కి ముందు సాఫ్ట్‌వేర్, ఒక్క సెక్యూరిటీ ప్యాచ్ లేదు!

నల్లతెర
@రూటర్_కాపలా మొదటి సగంతో పూర్తిగా ఏకీభవిస్తున్నా, రెండో సగంతో కాదు. డాస్‌లో ఎంటీసీపీ ఎఫ్‌టీపీ నడుస్తున్నంతసేపే నెట్‌వర్క్ ఉంటుంది, ప్రోగ్రాం మూయగానే వినే చెవే ఉండదు. దాని మీద దాడి చేయడానికి ఏముందని? ఇంటర్నెట్‌కి కలిసిన ఎక్స్‌పీ మెషీన్ గురించైతే మీరు చెప్పింది అక్షరాలా నిజం, 2003లో బ్లాస్టర్, 2004లో సాసర్ వైరస్‌లు ఎలా పాకాయో చూశాం. డాస్‌నీ ఎక్స్‌పీనీ ఒకే గాటన కట్టకండి. ఇక్కడ అసలు ప్రమాదం పాత మెషీన్ కోసం కొత్త మెషీన్ తాళాలు తీయడంలో ఉంది. అది మాత్రం చేయొద్దు.

రూటర్_కాపలా
డాస్ వరకు ఒప్పుకుంటా. ఆయన దగ్గర వర్క్‌గ్రూప్స్ కూడా ఉంది, అందులో షేరింగ్ ఆన్ చేస్తే చెవులు తెరుచుకున్నట్టే. కనీసం ఈ రెండు జాగ్రత్తలు: రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ దాని వైపు పెట్టొద్దు, ముఖ్యమైన పాస్‌వర్డ్ ఏదీ ఆ మెషీన్‌లో కొట్టొద్దు. ఎఫ్‌టీపీలో, టెల్నెట్‌లో పాస్‌వర్డ్ తీగ మీద ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. స్విచ్‌లో వీల్యాన్ (నెట్‌వర్క్‌ని విడి భాగాలు చేసే వీలు) ఉంటే పాతవాటన్నిటినీ ఒక వీల్యాన్‌లో పెట్టేస్తే ఇంకా నిశ్చింత.

ప్యాకెట్_పిచ్చి
పాతపెట్టె గారూ, ఎఫ్‌టీపీ వాడండి. అదీ తిరగేసి వాడండి. ఎంటీసీపీలో ఎఫ్‌టీపీ సర్వర్ కూడా ఉంది. దాన్ని 486లో నడిపి, ల్యాప్‌టాప్ నుంచి ఫైల్‌జిల్లా అనే ఎఫ్‌టీపీ ప్రోగ్రాంతో కలవండి. అప్పుడు కొత్త మెషీన్‌లో ఏ సర్వరూ పెట్టక్కర్లేదు, ఏ తాళమూ తీయక్కర్లేదు. ఫైల్‌జిల్లాలో ఒకేసారి ఒక్క కనెక్షనే ఉండేలా పరిమితి పెట్టండి, డాస్‌ని కంగారు పెట్టకుండా ఉంటుంది. బ్రౌజర్‌తో ప్రయత్నించకండి, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ 2021లో ఎఫ్‌టీపీని తీసేశాయి.

బదిలీ బైనరీ మోడ్‌లోనే జరగాలి. ఆస్కీ మోడ్‌లో జిప్ ఫైల్ పంపితే లైన్ చివరలు మార్చేస్తుంది, ఆ తర్వాత పీకేఅన్‌జిప్ ఎంత బతిమాలినా తెరవదు. ఫైల్ పేర్లు ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడు అక్షరాలు దాటకుండా ల్యాప్‌టాప్‌లోనే మార్చుకుని పంపండి.

పాతపెట్టె486
చేశాను, బ్రహ్మాండంగా ఉంది. ఒక ఫ్లాపీ అంత ఫైలు కూర్చున్నంతలో వచ్చేసింది. వర్క్‌గ్రూప్స్ సంగతేంటి? విండోస్ మొదలయ్యాక నెట్‌వర్క్ డ్రైవర్ ఎర్రర్ ఇస్తోంది.

నల్లతెర
ఆటోఎగ్జెక్‌లో (బూట్ అవగానే నడిచే ఫైలు) ప్యాకెట్ డ్రైవర్ ఇంకా ఉంటే అంతే. విండోస్ తన సొంత ఎన్‌డీఐఎస్ డ్రైవర్‌తో అదే కార్డుని పట్టుకోబోతుంది, అప్పటికే డాస్ డ్రైవర్ దాని మీద కూర్చుని ఉంది. డాస్ 6లో కాన్ఫిగ్.సిస్ మెనూ పెట్టుకోవచ్చు. ‘డాస్ నెట్‌వర్క్’, ‘విండోస్ నెట్‌వర్క్’, ‘నెట్‌వర్క్ లేకుండా ఆటలు’ అని మూడు. ఆటల దాంట్లో కన్వెన్షనల్ మెమరీ (డాస్ ప్రోగ్రాములకి కావాల్సిన మొదటి 640 కేబీ) కూడా మిగులుతుంది. విండోస్ వైపు మైక్రోసాఫ్ట్ టీసీపీ/ఐపీ-32 3.11బీ వేసుకోవాలి, పెట్టెలో వచ్చిన 3.11లో టీసీపీ/ఐపీ లేదు. డీహెచ్‌సీపీ దానికి వచ్చు.

షేర్డ్ ఫోల్డర్ తప్పదనుకుంటే ఒక రాస్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్) మీద విడిగా సాంబా పెట్టి, కనీస ప్రోటోకాల్‌ని కిందికి దించి, ల్యాన్‌మ్యాన్ అనే పాత రకం పాస్‌వర్డులని అనుమతించండి. అందులో ఈ పాత సామాను తప్ప మీ సొంత ఫైలు ఒక్కటీ ఉంచకండి.

ప్యాకెట్_పిచ్చి
డ్రైవ్ అక్షరం కావాలంటే సాంబా కూడా అక్కర్లేదు. ఎంటీసీపీ వాళ్ళదే నెట్‌డ్రైవ్ అని ఉంది. ల్యాప్‌టాప్‌లోనో రాస్‌బెర్రీ పైలోనో చిన్న సర్వర్ నడుస్తుంది, దాని దగ్గరున్న డిస్క్ ఇమేజ్ డాస్‌లో ఒక డ్రైవ్‌గా కనిపిస్తుంది. ఒకే ఇమేజ్‌లో రెండు మెషీన్లు ఒకేసారి రాయకుండా చూసుకుంటే చాలు.

బీప్‌కోడ్
ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతా, మదర్‌బోర్డు మీద నీలం పీపాలాంటి నికెల్ క్యాడ్మియం బ్యాటరీ ఉందేమో చూడండి. ఉంటే ఈ రోజే తీసేయండి. అది కారితే ట్రాకుల్ని తినేస్తుంది, నెట్‌వర్క్ మాట దేవుడెరుగు, మెషీనే మిగలదు. గడియారం గురించి బెంగ వద్దు, ఎంటీసీపీలో ఎస్‌ఎన్‌టీపీ ఉంది. బూట్ అయ్యాక టైం సర్వర్ నుంచి టైం తెచ్చి పెడుతుంది.

మాక్‌ప్రియ
మాక్ వాళ్ళం కూడా ఉన్నామండీ. మాక్ ఎస్‌ఈ/30లో బ్లూస్కజీ వీ2 (పాత స్కజీ డిస్క్ బదులు పెట్టే బోర్డు) పెట్టాను, పికో డబ్ల్యూ ఉన్న రకం. డిస్క్ పనితో పాటు డేనాపోర్ట్ అనే పాత స్కజీ నెట్‌వర్క్ అడాప్టర్ లాగా కూడా నటిస్తుంది, వైఫైతో. సిస్టమ్ 7కి అది మామూలు ఈథర్నెట్ అనిపిస్తుంది. ఫైళ్ళకి నెటాటాక్ అనే సర్వర్. దాని 3వ తరంలో యాపిల్‌టాక్ (పాత మాక్‌ల నెట్‌వర్క్ భాష) తీసేసి మా కడుపు కొట్టారు, 4లో మళ్ళీ తెచ్చారు, ఎంత మేలు చేశారో.

పాతపెట్టె486
ఆఖరి ప్రశ్న. వెబ్ చూడొచ్చా? బ్రౌజర్ ఏ సైటుకీ వెళ్ళడం లేదు.

తొమ్మిదిపిన్నులు
నేరుగా అంటే కుదరదు. ఇప్పటి సైట్లు టీఎల్‌ఎస్ (వెబ్ ఎన్‌క్రిప్షన్) 1.2, 1.3 అడుగుతాయి, ఆ బ్రౌజర్ పుట్టేనాటికి అవి లేవు. మధ్యలో ప్రాక్సీ పెట్టాలి. వెబ్‌వన్ అయితే అటు ఎన్‌క్రిప్షన్ తను చూసుకుని ఇటు మామూలు హెచ్‌టీటీపీ ఇస్తుంది. డబ్ల్యూఆర్‌పీ ఇంకోరకం, పేజీని అంతా బొమ్మగా తీసి పంపుతుంది, బొమ్మ మీద నొక్కితే లింకు తెరుచుకుంటుంది. ఏదీ పెట్టుకోకుండా చూడాలంటే ఫ్రాగ్‌ఫైండ్‌కి వెళ్ళండి, పేజీల్ని వలిచి అక్షరాలు మాత్రం ఇస్తుంది. డాస్‌లోనే కావాలంటే మైక్రోవెబ్ ఉంది.

కోల్డ్‌బూట్
వెబ్ కోసం దీన్ని కష్టపెట్టొద్దని నా మాట. పక్కనే ఫోన్ ఉంది. ఈ మెషీన్ దాని ఫైళ్ళు అది తెచ్చుకుంటే, దాని ఐఆర్‌సీ చాట్ అది మాట్లాడుకుంటే చాలు.

తొమ్మిదిపిన్నులు
486లో ఒక వ్యాసం చదవడంలో ఉన్న ఆనందం ఫోన్‌లో లేదు, అక్కడ మాత్రం నేను మీతో కలవను.

ఐసా_ఎనిమిది
ఇదే దారంలో అడుగుతున్నా. నాది ఇంకా పాత ఎక్స్‌టీ పీసీ, 8088 ప్రాసెసర్, ఎనిమిది బిట్ల స్లాట్లే. ఇవన్నీ నాకూ పనికొస్తాయా?

ప్యాకెట్_పిచ్చి
@ఐసా_ఎనిమిది ఎంటీసీపీ 8088 మీద కూడా నడుస్తుంది. కార్డు విషయంలోనే జాగ్రత్త, 16 బిట్ల కార్డులన్నీ ఎనిమిది బిట్ల స్లాట్‌లో పనిచేయవు. రియల్‌టెక్ 8019ఏఎస్ చిప్పుకి ఎనిమిది బిట్ల మోడ్ ఉంది. త్రీకామ్ 3సీ503లో ఎనిమిది బిట్ల రకం వెతకండి. కొత్తది కావాలంటే పికోమెమ్ చూడండి, మెమరీ, డిస్క్‌తో పాటు వైఫై మీద ఎన్‌ఈ2000గా కూడా పనిచేస్తుంది. ఐఆర్‌క్యూ 10 మీకు ఉండదు, ఎక్స్‌టీలో 7తోనే ఆఖరు. కామ్2 వాడకపోతే 3 ఇచ్చేయండి.

ఐసా_ఎనిమిది
కామ్2కి మౌస్ ఉంది. దాన్ని కామ్1కి మార్చి 3 ఖాళీ చేస్తా. కార్డు దొరికాక మళ్ళీ రాస్తాను.